అజీమ్ భాయ్ బండిలో ఎవ్వరూ చావరు

ఎల్లారెడ్డికీ కామారెడ్డికీ మధ్య ఊళ్ళలో ఒకప్పుడు ఒక మాట చెలామణిలో ఉండేది. "అజీమ్ భాయ్ బండిల ఎవ్వరు సావరు" అని. కొత్తవాళ్ళు విని, ఈయనెవరో హస్తవాసి గల మనిషనుకునేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఆ బండిలో పోయినవాళ్ళను కాళ్ళ దగ్గర పట్టుకొని దించిన మనిషిని నేను. ఎందరు పోయారో నాకు తెలుసు. అయినా ఆ మాట అబద్ధమని గట్టిగా అనలేను, నిజమనీ అనలేను. ఈ ముడి విప్పుకుందామనే ఇది రాస్తున్నాను. విడుతుందన్న నమ్మకం లేదు.

ఆయన పూర్తిపేరు అజీముద్దీన్. ఊరు ఎల్లారెడ్డి. ఉర్దూలో ఏడో తరగతి దాకా చదివి, లారీ మీద క్లీనరుగా ఎక్కి డ్రైవరుగా దిగాడు. డెబ్బై రెండులోనో మూడులోనో కామారెడ్డి గంజిలో, అంటే ధాన్యం బజారులో, కొందరు బియ్యం వ్యాపారులు చందాలేసుకొని ఒక ధర్మ దవాఖాన పెట్టారు. పాత వ్యాను ఒకటి కొని తెల్లరంగు వేయించి, దానికి ఈయన్ని డ్రైవరుగా పెట్టుకున్నారు. వెనక రోగి మూలుగుతుంటే ముందు స్టీరింగు పట్టుకొని ఊరకే కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. హైదరాబాద్ పోయి ప్రథమ చికిత్స నేర్చుకొని వచ్చాడు. నెత్తురు ఆపడం, విరిగిన కాలికి బద్దలు కట్టడం, ఊపిరి అందనివాడి ముక్కూ నోరూ కప్పి రబ్బరు గాలి సంచి నొక్కడం, ఇవన్నీ చేసేవాడు. చేసి ఊరుకోక నేర్పేవాడు. ఆదివారమొస్తే దవాఖాన వరండాలో తరగతి. బస్సు కండక్టర్లు, రైసు మిల్లు హమాలీలు, బీడీలు చేసే ఆడవాళ్ళు, ఎవరొస్తే వాళ్ళే విద్యార్థులు.

ఆ తరగతి ఒక తమాషా. ఆయన బోర్డు మీద ఉర్దూలో రాసేవాడు, మాకెవరికీ రాదు. అందుకని బొమ్మలు గీసేవాడు. ఆయన గీసిన గుండెకాయ వంకాయలా ఉండేది. రోగి కావలసి వస్తే తానే బల్ల మీద పడుకొని "నా నాడి పట్టుండ్రి" అనేవాడు. తెల్లవారుజామునుంచి బండి నడిపిన మనిషి, పడుకుంటే ఊరుకుంటాడా? గురక మొదలయ్యేది. "సారు బతికే ఉన్నడు, నాడి చూసుడెందుకు?" అని కండక్టర్లు నవ్వేవారు. పదో తరగతి తప్పి, ఇంట్లో బీడీలు చుట్టడం ఇష్టంలేక నేను ఆ తరగతికి పోయాను. గంగమణి అనే పేరు ఆయనకు బాగా నచ్చింది కాబోలు, మాటకు ముందూ వెనకా అదే పిలుపు. మరుసటేడు దవాఖానలో సహాయకురాలిగా పెట్టించాడు. అట్లా ఆయన బండెక్కాను.

ఎక్కాక గానీ ఆ మాట వెనక కథ తెలియలేదు.

మా దిక్కున ఊరి బయట ప్రాణం పోయినవాళ్ళను ఊళ్ళోకి తేనివ్వరు. శివారులోనే దించి, అక్కడే స్నానం పోసి, అటునుంచి అటే తీసుకుపోతారు. అన్ని ఊళ్ళలో ఇంత పట్టింపు లేకపోవచ్చు గాని చాలా ఊళ్ళలో ఉండేది. ఆయన బండెక్కిన కొత్తలో, కాన్పు కష్టమై ఒక చిన్న వయసు కోడలు దారిలోనే పోయిందట. వాన దంచి కొడుతోంది. శివారు దగ్గర ఊరివాళ్ళు బండి ఆపేశారు. ఆ పిల్లను అక్కడున్న ఎడ్లబండి కింద పడుకోబెట్టి, వాన వెలిసేదాకా అత్తా తల్లీ తడుస్తూ కూర్చున్నారట. ఇల్లు కళ్ళకు కనబడుతూనే ఉంది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా అజీమ్ భాయ్‌కి కోపం ఆగేది కాదు.

"మా ఇండ్లల్ల మనిషి యాడ పోయినా ఇంటికి తెస్తరు బేటీ, ఇంటోళ్ళు కండ్లార చూస్కుంటరు. మన ఇంటి మనిషిని మన గడప దాటనియ్యకపోవుడేంది? నాకర్థం కాలే."

అర్థం కానిదాన్ని వదిలేసే గుణం ఆయనకు లేదు. ఆ తరువాత నుంచి దారిలో ఎవరు పోయినా ఆయన పోయారనలేదు. సెలైను సీసా వేలాడదీసి, గాలి సంచి నొక్కుతూ, శివారు దాటించి, ఇంటి ముందు దాకా తెచ్చి, "ఇంక జీవమున్నది, నీళ్ళు పొయ్యుండ్రి" అనేవాడు. ఇంటివాళ్ళు మంచం దించి నోట్లో తులసినీళ్ళు పోసేవారు. ఆ తరువాత చనిపోయినట్టు లెక్క. తన బండిలో ఉన్నంతసేపు డాక్టరు చెప్పనిదే ఎవరూ చావరని తరగతిలో పాఠం చెప్పేవాడు, దాన్ని ఇట్లా వాడుకున్నాడు. ఊరివాళ్ళకు తెలియదా అంటే అందరికీ తెలుసు. ఊరి పెద్దలకూ తెలుసు. ఎవరూ అడిగేవారు కాదు. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు. ఈయన ఒక్క అబద్ధంతో ఎన్ని చావులు గడిపాడో లెక్కలేదు.

నాకిది నచ్చేది కాదు. నాలుగు గోడల మధ్య ఏడ్చుకోవడానికి చావును కూడా దొంగతనంగా తేవాలా అని వాదించేదాన్ని. "అయితే నువ్ శివారుల కూసుండి ఏడువు" అనేవాడు. పోయినవాళ్ళ ఛాతీ నా చేతి కింద లేచి పడుతుంటే, ఇంటివాళ్ళు ఆ ఛాతీ వంకే చూస్తుంటే, నేను చేసేది పుణ్యమో పాపమో తెలియక తల తిప్పుకునేదాన్ని.

ఎనభై నాలుగు వానాకాలంలో బాలయ్య వచ్చాడు. వచ్చాడనడం తప్పు, తెచ్చారు. ఎల్లారెడ్డికి అవతల పల్లెలో వరి పండించుకునే మనిషి. పొలం దగ్గర పడుకుంటే కట్లపాము కాటేసింది. కాటు పెద్దగా కనబడలేదు. పొద్దున లేచి కడుపు నొప్పన్నాడు, తరువాత కనురెప్పలు పడిపోతున్నాయన్నాడు. మంత్రం వేయించారు. మాట పడిపోయాక కామారెడ్డిలో ఒక ప్రైవేటు దవాఖానకు తెచ్చారు. పేరెందుకులెండి. వాళ్ళు టార్చిలైటు కళ్ళలో వేసి చూసి, లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

ఇంటికి తీసుకుపోవడమంటే మా బండే కదా. అజీమ్ భాయ్ పోయి మణికట్టు పట్టుకొని చూశాడు. ఏమీ అందలేదు. నా వంక చూసి తల అటూ ఇటూ ఊపాడు. బాలయ్య పెళ్ళాం కమలవ్వ, తమ్ముడు నారాయణ పక్కనే ఉన్నారు. "బండెక్కించుండ్రి, జీవమున్నది" అన్నాడు పెద్దగా. నారాయణ ఆయన చేతులు పట్టుకొని "నీ రుణం తీర్చుకోలేం భాయ్" అన్నాడు. అంటే వాళ్ళకూ అర్థమైంది. అందరికీ అన్నీ అర్థమైన చోట ఎవరూ ఏమీ అనకపోతే ఎట్లుంటుందో నాకు ఆ బండిలోనే తెలిసింది.

సంచి నా చేతికిచ్చి "ఆపకు" అన్నాడు. నారాయణ ముందు ఎక్కాడు, కమలవ్వ నాతో వెనక. గుంతల రోడ్డు. చేతులు గుంజుతున్నాయి. పోయినవాడికి ఊపిరి ఊదుతూ ఎల్లారెడ్డి దాకా పోవాలా అని లోపల తిట్టుకుంటూనే నొక్కాను. కమలవ్వ మొగుడి పాదాలు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఏడుపు లేదు. ఊళ్ళోకి పోయాక ఏడుద్దామని ఆపుకున్నట్టుంది.

ఊరి శివారు చేరేసరికి చుట్టాలు అప్పుడే రోడ్డు మీద నిలబడి ఉన్నారు. కబురు మాకంటే ముందొచ్చింది. కమలవ్వ దిగింది. అజీమ్ భాయ్ వెనక్కి వచ్చి, ఎప్పటిలాగే దుప్పటి సర్ది, తల సరిగ్గా పెట్టడానికి మెడ కింద చెయ్యి పెట్టాడు. పెట్టినవాడు అట్లాగే ఉండిపోయాడు.

"గంగమణీ, గిక్కడ పట్టు."

పట్టాను. ఏదో కొట్టుకుంటోంది. నా వేలిదా, బాలయ్య మెడదా? సొంత నాడి రోగిది అనుకోవద్దని తరగతిలో చెబుతూనే ఉంటాడు. వేలు తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఉంది. ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు.

"నాకు తెల్వదు భాయ్" అన్నాను.

"నాక్కూడ" అన్నాడు. ఇన్నాళ్ళు నాటకంగా నొక్కిన సంచి ఈరోజు నిజంగా ఊపిరి పోస్తూ వచ్చిందా? ఒకవేళ పోస్తే, ఇది ఆపిన మరుక్షణం బాలయ్య చచ్చిపోతాడు. ఇంటి ముందు మంచం దించి ఆపించేది మేమే. రెండో చేతిలో సంచిని ఇంకా గట్టిగా నొక్కాను.

ఆయన దిగి నారాయణ దగ్గరికి పోయాడు. "తమ్మీ, మీ అన్నకు జీవమున్నది. ఎన్కకు మలుపుదాం, కామారెడ్డిల సూది మందు ఇప్పిస్త, ఆడికెల్లి పట్నం తీస్కపోదాం."

నారాయణ మెల్లగా అన్నాడు. "సాలు భాయ్. ఊరొచ్చింది గద. గా మాట మా పెద్దోళ్ళతోని అను, మాతోని ఎందుకు?"

"నిజంగ అంటున్న. అల్లా మీద ఒట్టు."

"పోయినేడు మా మేనత్తను తెచ్చినప్పుడు గూడ గిట్లనే ఒట్టు పెడితివి." నారాయణ గొంతులో కోపం లేదు, ప్రేమే ఉంది. అదే నాకు భయమేసింది. ముసలివాళ్ళు ఇద్దరు దగ్గరికొచ్చి, అజీమ్ భాయ్ ఎంత మంచోడు, శివారు దాకా వచ్చినా మాట మార్చడు చూడు అని భుజం తట్టారు. ఆయన గట్టిగా అరిచాడు. అరిచిన కొద్దీ వాళ్ళు ఓదార్చారు. "అయిపాయె, ఊకో" అంటూ మంచం మోయడానికి నలుగురు ముందుకొచ్చారు.

అప్పుడాయన వెనక్కొచ్చి నా ముఖం మీద బండి తలుపు మూసేశాడు. మూసేముందు "సంచి ఆపకు, సప్పుడు చెయ్యకు" అన్నాడు. లోపల నేనూ బాలయ్యా. రేకు అవతల ఆయన గొంతు.

"ఇనుండ్రి. బాలయ్య పోయిండు. కామారెడ్డిలనే పోయిండు. నేనే అబద్ధమాడిన. ఊర్లెకు తేవద్దు."

ఆ మాట ఆ నోట ఏ ఊరూ వినలేదు. తరువాత రేకు మీద టపటపమని చప్పుడు. కమలవ్వ గాజులు మా బండి తలుపుకే కొట్టుకుంటోందని నాకు అర్థమయ్యేసరికి నా కళ్ళ నుంచి నీళ్ళు కారి బాలయ్య ముఖం మీద పడుతున్నాయి. తుడవడానికి చెయ్యి ఖాళీ లేదు. అరిచి చెబుదామా? చెబితే దించుతారు. చెప్పకపోతే ఆమె గాజులు పోతున్నాయి. నేను నొక్కుతూనే ఉన్నాను.

"పాము కేసు" అంటున్నాడు బయట. "డాక్టరు కాయిదం లేకుంట దహనం చేస్తే పోలీసులొస్తరు. నేను కామారెడ్డికి మలిపి తెస్త. నారాయణొక్కడు రా." పోలీసులనేసరికి ఎవరూ అడ్డం రాలేదు. ఊళ్ళోకి ఎట్లాగూ రాని శవం, ఎటు పోతేనేం?

ఊరు కనుమరుగయ్యాక బండి ఆపి నారాయణకు చెప్పాడు. నారాయణ ఆయన అంగీ పట్టుకొని ఊపేశాడు. "ఏది నిజం భాయ్? గప్పుడన్నది నిజమా, గిప్పుడన్నది నిజమా? మా వదిన గాజులు పగలగొట్టుకుంది గద!"

"తమ్మీ, అల్లా కసమ్, నాకు గూడ సక్కగ తెల్వదు. సంచి నొక్కు. గంగమణి చేతులు పోయినయ్."

బాలయ్య బతికాడు. కామారెడ్డిలో సూదులు పడ్డాయి, హైదరాబాద్ దాకా సంచి చేతులు మారుతూనే పోయింది, అక్కడ ఊపిరి మిషను పెట్టారు. కట్లపాము విషం ఊపిరిని పడేస్తుంది గాని గుండెను వెంటనే ఆపదని, సంచే ప్రాణం నిలిపిందని అక్కడి డాక్టర్లు అన్నారు. నెల తిరగకముందే నడిచి బస్సు దిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియని రోజులవి. శివారులో చచ్చినవాడు శివారు దాటవచ్చా అని ఊళ్ళో పంచాయితీ. చివరికి పసిపిల్లవాడికి చేసినట్టు పురుడు స్నానం చేయించి, మళ్ళీ పేరు పెట్టి ఇంట్లోకి తీసుకున్నారు. బాలయ్య ఆ కథ పొట్ట పట్టుకొని నవ్వుతూ చెప్పేవాడు.

కమలవ్వ నవ్వలేదు. అజీమ్ భాయ్ ఎల్లారెడ్డి బజారులో తన పెళ్ళాం రఫియా చేత ఆకుపచ్చ గాజులు ఏరించి పట్టుకొని పోతే, ఆమె గడపలో నిలబడి, "నీ నోటితోని ముండమోపిని చేస్తివి, నీ చేతితోని ముత్తైదువను చేస్తవా?" అంది. మొగుణ్ణి బతికించాడని తెలుసు. తెలిసినా ఆ మాట క్షమించలేకపోయింది. గాజులు రఫియా వెళ్ళి ఇస్తే తీసుకుంది. తప్పెవరిదో నాకు ఇప్పటికీ తేలలేదు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఎంత నిలకడ కావాలో ఎవరూ చెప్పరు.

ఆ ఆదివారం తరగతిలో ఆయన పాఠం మార్చాడు. ఇకమీదట ఉన్నది ఉన్నట్టే చెబుతానని, మీరూ అట్లాగే చెప్పాలని అన్నాడు. అన్నట్టే నడిచాడు కూడా. శివారుల దగ్గర మళ్ళీ మంచాలు దిగాయి, వానలో ఏడుపులు మొదలయ్యాయి. కొందరు ఆయన్ని తిట్టారు. ఆయన బువ్వ సరిగ్గా తినేవాడు కాదు. "నేను చేసేది మంచేనా గంగమణీ?" అని అడిగేవాడు. నేనే కదా మొదటినుంచీ నిజం చెప్పమని పోరింది.

తొంభై ఒకటి తరువాత ఆయన బండి మానేసి తరగతి మాత్రమే నడిపాడు. చెయ్యి వణుకుతోందని అందరికీ చెప్పాడు. అది కారణం కాదు. ఇంటివాళ్ళకు చావు కబురు ఎట్లా చెప్పాలి అనే పాఠం వచ్చినప్పుడల్లా "ఇది నువ్ చెప్పు" అని సుద్దముక్క నా చేతిలో పెట్టి చాయ్ తాగడానికి పోయేవాడు. కొత్తపిల్లలు ఎందుకని అడిగితే నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

తొంభై ఒకటిలో పెద్దకొడప్‌గల్ దిక్కున రుక్మాబాయి అనే మరాఠీ ఆమె ఉండేది. చెరకు నరకడానికి వచ్చి, కాలువ పక్క గుడిసె వేసుకున్నారు. ఆమె కూతురు కాలువలో పడింది. మేం పోయేసరికి గట్టు మీద పడుకోబెట్టారు. ఒళ్ళు బిగుసుకుపోయింది. అజీమ్ భాయ్ మెడ పట్టి చూశాడు, ఛాతీ మీద చెవి పెట్టి విన్నాడు, నన్నూ చూడమన్నాడు. ఈసారి ఇద్దరికీ ఏ అనుమానమూ లేదు. ఆయన రుక్మాబాయి ముందు మోకాళ్ళ మీద కూర్చొని, నేర్పినట్టే, తిన్నగా చెప్పాడు.

"తల్లీ, బిడ్డ పోయింది."

ఆమె ముఖం వెలిగిపోయింది. వెలిగిపోయిందనే రాయాలి, వేరే మాట లేదు.

"బాలయ్యను గూడ గట్లనే అంటివి గద భాయ్! పోయిండంటివి, బతికిస్తివి. నాకెర్కలేదా? నడువు, బండి నడువు!"

ఆయన మళ్ళీ చెప్పాడు. ఆమె ఇంకా తొందరపెట్టింది. మూడోసారి చెబుతుంటే, అబద్ధమాడుతున్నాడని కన్నుగీటి నా వంక చూసి నవ్వింది. తానే పిల్లను ఎత్తుకొని బండెక్కింది. నాకు గాలి సంచి అందించింది. "నొక్కు బాయీ" అంది. ఆ తల్లి కళ్ళముందు నొక్కనని అనలేకపోయాను. దారి పొడుగునా ఆమె కూతురి జుట్టు విప్పి, తన చీర కొంగుతో ఆరబెట్టి, మళ్ళీ జడ వేసింది. దవాఖానకు పోతున్నాం, మంచిగ కనబడాలె అంది.

కామారెడ్డిలో డాక్టరు చూసి చెప్పాడు. ఆమె డాక్టరును లెక్కచేయలేదు. "నువ్ చెప్పు భాయ్" అని అజీమ్ భాయ్ వైపు తిరిగింది.

ఆయన నోరు తెరిచాడు. పోయిందంటే ఉందనుకుంటుంది. ఉందంటే అదీ ఉందనే అనుకుంటుంది. నేను పక్కనే ఉండి చూశాను, ఆ మనిషి దగ్గర చెప్పడానికి ఒక్క మాట మిగల్లేదు. పిల్లను ఆమె చేతుల్లోంచి తీసుకున్నాడు. దవాఖాన గోడకు వీపు ఆనించి అట్లాగే నేలమీదికి జారి, ఆ పిల్లను గుండెకు హత్తుకొని, అందరూ చూస్తుండగా గొంతెత్తి ఏడ్చాడు.

రుక్మాబాయి కాసేపు ఆయన వంకే చూసింది. అప్పుడు నమ్మింది.